వానాకాలంలోనూ ఆగని సైకిల్: గేర్లు హబ్బులోనే ఉండే బండిని స్వయంగా కట్టుకునే విధానం

వానలో సైకిల్‌ను పాడుచేసేది పైనుంచి పడే నీరు కాదు, చక్రాలు కిందినుంచి చిమ్మే బురద. హైదరాబాదు వంటి నగరంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా రోడ్డు మీద పారే నీటిలో ఇసుక, సిమెంటు పొడి, వాహనాల నూనె జిడ్డు కలిసి ఉంటాయి. అది గొలుసు లింకుల మధ్యకు, బ్రేకు కట్టలకూ రిమ్ముకూ మధ్యకు చేరి గరుకు కాగితంలా అరగదీస్తుంది. మామూలు గేర్ల సైకిల్‌లో గొలుసును ఒక పళ్లచక్రం మీది నుంచి మరోదాని మీదికి తోసే డీరైలర్ సరిగ్గా ఈ బురద పడేచోటే, నేలకు జానెడు ఎత్తులో వేలాడుతూ ఉంటుంది. రోజూ తుడిచి నూనె వేసే ఓపిక ఉన్నవారికి దానితో ఇబ్బంది లేదు. ఆఫీసు నుంచి రాత్రి ఎనిమిదింటికి తడిసి ఇల్లు చేరి, బండిని అలాగే గోడకు ఆనించి, మర్నాడు ఉదయం మళ్లీ అదే బండి ఎక్కవలసినవారికి మాత్రం కదిలే భాగాలన్నీ మూతలోపల ఉండే సైకిల్ కావాలి. గేర్లు వెనుక హబ్బులో (చక్రం నడిమి భాగంలో), బ్రేకులు డ్రమ్ములో, దీపానికి కరెంటు ముందు హబ్బులో, గొలుసు కవరులో ఉండాలి. అటువంటి బండిని ఒక ఉక్కు ఫ్రేము ఆధారంగా ఎలా కట్టుకోవాలో ఈ వ్యాసం మొదటినుంచి చివరిదాకా వివరిస్తుంది.

హబ్బు లోపల ఏం జరుగుతుంది

బిగించే పని సరిగా చేయాలంటే ఈ యంత్రం తీరు కొంత తెలిసి ఉండాలి. హబ్బు మధ్యలో తిరగకుండా ఇరుసుకే అతుక్కుని ఒక చిన్న పళ్లచక్రం ఉంటుంది. దాని చుట్టూ తిరిగే మూడు నాలుగు చిన్న చక్రాలను ఒక చట్రం పట్టి ఉంచుతుంది. వాటన్నిటినీ కప్పుతూ లోపలివైపు పళ్లున్న ఒక పెద్ద వలయం ఉంటుంది. గొలుసు బలాన్ని చట్రానికి ఇచ్చి వలయం నుంచి తీసుకుంటే చక్రం వేగంగా తిరుగుతుంది. వలయానికి ఇచ్చి చట్రం నుంచి తీసుకుంటే నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరుగుతుంది. రెంటినీ పక్కనపెట్టి నేరుగా హబ్బుకు అందిస్తే గొలుసు ఎంత తిప్పితే చక్రం అంతే తిరుగుతుంది. 1936లో వచ్చిన స్టర్మీ ఆర్చర్ ఏడబ్ల్యూ హబ్బులో మధ్య చక్రానికి 20 పళ్లు, వలయానికి 60 పళ్లు. అందుకే దాని పై గేరు 1.33 (గొలుసు తిప్పే పళ్లచక్రం ఒక చుట్టు తిరిగితే బండి చక్రం 1.33 చుట్లు), కింది గేరు 0.75. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పుట్టిన ఆ సంస్థను 2000లో తైవాన్‌కు చెందిన సన్‌రేస్ కొనుక్కుంది. ఎనిమిది గేర్ల హబ్బులో ఇలాంటి అమరికలు ఒకటికి మించి ఉంటాయి కానీ సూత్రం ఒక్కటే.

దీనివల్ల రోజువారీ ప్రయాణికుడికి కలిగే పెద్ద లాభం, నిలబడి ఉండగానే గేరు మార్చుకోగలగడం. ఎర్ర దీపం దగ్గర హఠాత్తుగా ఆగినా, ఆగిన చోటే మొదటి గేరులోకి వచ్చి పచ్చదీపం పడగానే తేలిగ్గా బయలుదేరవచ్చు. నష్టాలూ ఉన్నాయి. ఎనిమిది గేర్ల హబ్బు ఒక్కటే సుమారు 2 కిలోల బరువు ఉంటుంది, కొన్ని గేర్లలో రాపిడి డీరైలర్ కంటే కొంచెం ఎక్కువగా తెలుస్తుంది, వెనుక చక్రం ఊడదీయడం ఒక చిన్న పని అవుతుంది. పందేలకు వెళ్లేవారికి ఇవి పెద్ద లోపాలే. ఆఫీసుకు వెళ్లేవారికి ఇవి లెక్కలోకి రావని నా అభిప్రాయం.

దారిని బట్టి హబ్బు

విజయవాడ, కాకినాడ, భీమవరం వంటి సమతలపు ఊళ్లలో మూడు గేర్లకు మించి అవసరం లేదు. షిమానో నెక్సస్ మూడు గేర్ల హబ్బు నిష్పత్తులు 0.733, 1, 1.364. ఎదురుగాలికి ఒకటి, మామూలుగా ఒకటి, వంతెన దిగేటప్పుడు ఒకటి చాలు. ఇది చవక, తేలిక, పాడయ్యే భాగాలు తక్కువ. హైదరాబాదులో జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మీదుగా వెళ్లేవారికీ, విశాఖలో కొండవాలు కాలనీల్లో ఉండేవారికీ మూడు గేర్లు సరిపోవు. వారికి నెక్సస్ ఎనిమిది గేర్ల హబ్బు తగినది. దాని నిష్పత్తులు వరుసగా 0.527, 0.644, 0.748, 0.851, 1, 1.223, 1.419, 1.615. అన్నిటికంటే కింది గేరుకూ పై గేరుకూ మధ్య తేడా మూడు రెట్లకు కొంచెం ఎక్కువ. అయిదో గేరు నేరు గేరు, అంటే అందులో పళ్ల రాపిడి ఉండదు. మీరు ఎక్కువసేపు తొక్కే వేగం అయిదో గేరులో పడేలా లెక్క వేసుకోవాలి.

పదకొండు గేర్ల ఆల్ఫీన్, పద్నాలుగు గేర్ల రోలాఫ్ కూడా ఉన్నాయి. 1998 నుంచి వస్తున్న రోలాఫ్ హబ్బు 526 శాతం పరిధితో (కింది గేరుకు పై గేరు 5.26 రెట్లు), నూనె స్నానంలో తిరిగే అద్భుతమైన యంత్రం. కానీ దాని ధరతో ఇక్కడ చెప్పే బండి వంటివి కొన్ని కట్టుకోవచ్చు. మెట్రో స్టేషను బయట రోజంతా తాళం వేసి వదిలే సైకిల్‌కు అది పెట్టడం వివేకం కాదు.

హబ్బు కొనేటప్పుడు పెట్టెలో ఏమేమి ఉన్నాయో చూసుకోవాలి. చేతితో గేరు మార్చే షిఫ్టరు, దాని కేబులు వచ్చి హబ్బుకు తగులుకునే కేసెట్ జాయింటు, ఇరుసు తిరగకుండా ఆపే వాషర్లు, పళ్లచక్రం, దాన్ని పట్టి ఉంచే స్ప్రింగు రింగు చాలాచోట్ల విడిగా అమ్ముతారు. ఇవి మన సైకిల్ షాపుల్లో సులభంగా దొరికే సామాను కాదు. ఒక్క వాషరు మరిచిపోతే బయటినుంచి తెప్పించుకోవడానికి వారాలు పడుతుంది. అదే హబ్బులో డ్రమ్ము తరహా రోలర్ బ్రేకుకు, రిమ్ము బ్రేకుకు, డిస్కుకు, వెనక్కి తొక్కితే పడే బ్రేకుకు వేర్వేరు రకాలు ఉంటాయి కాబట్టి బ్రేకు సంగతి తేల్చుకున్నాకే ఆర్డరు పెట్టాలి.

ఫ్రేము

గేర్లు హబ్బులో ఉంటే గొలుసు పొడవు మారదు. కాబట్టి గొలుసును బిగుతుగా ఉంచడానికి చక్రాన్ని వెనక్కి లాగి బిగించే వీలు ఉండాలి. పాత హీరో, అట్లాస్, హెర్క్యులిస్ సైకిళ్లలో ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా, పొడుగ్గా ఉంటుంది. అదే మనకు కావలసినది. గాడి నిలువుగా ఉన్న ఆధునిక ఫ్రేములో గొలుసును బిగించే స్ప్రింగు చక్రం అదనంగా పెట్టాలి. అది మళ్లీ బురదలో వేలాడే భాగమే అవుతుంది కాబట్టి అటువంటి ఫ్రేమును వదిలేయడమే మేలు.

రెండో కొలత, వెనుక గాళ్ల మధ్య దూరం. నెక్సస్ ఎనిమిది గేర్ల హబ్బుకు 132 మి.మీ., ఆల్ఫీన్‌కు 135 మి.మీ. కావాలి. మూడు గేర్ల నెక్సస్ 120, 127 మి.మీ. కొలతల్లో వస్తుంది. పాత ఒంటి గేరు ఫ్రేముల్లో ఈ దూరం 120 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటుంది. ఉక్కు ఫ్రేమును వంచి ఈ దూరాన్ని పెంచవచ్చు. ఒక పొడుగాటి మరల కడ్డీని రెండు గాళ్ల మధ్య పెట్టి, లోపలివైపున్న నట్లను కొద్దికొద్దిగా బయటికి తిప్పుతూ, విడిచినప్పుడు ఉక్కు కొంత వెనక్కి వస్తుంది కాబట్టి కావలసినదానికంటే ఎక్కువ తెరిచి, వదిలి, కొలుస్తూ పోవాలి. ఆ తర్వాత ఒక దారాన్ని ఒకవైపు గాడి నుంచి ముందు గొట్టం చుట్టూ తిప్పి రెండోవైపు గాడికి కట్టి, సీటు గొట్టానికి రెండువైపులా దారం సమాన దూరంలో ఉందో లేదో చూడాలి. ఒకవైపే ఎక్కువ వంగితే చక్రం వంకరగా కూర్చుంటుంది. చివరగా రెండు గాళ్ల పలకలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండేలా సరిచేయాలి. లేకపోతే నట్లు బిగించినప్పుడు ఇరుసు వంగి బేరింగులు పట్టేస్తాయి. ఈ పని వెల్డింగులో అనుభవం ఉన్న పాత మేస్త్రీ చేత చేయించుకోవడం మంచిది. అల్యూమినియం ఫ్రేమును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇలా వంచకూడదు, అది పగులుతుంది.

పాత పెద్ద సైకిల్ చక్రపు రిమ్ము 635 మి.మీ. కొలత. దానికి మంచి టైర్లు దొరకడం కష్టం. ఈ ఫ్రేములో 622 మి.మీ. రిమ్ము, అంటే షాపుల్లో 700సీ అని అడిగేది, వేసుకోవడం తెలివైన మార్పు. బ్రేకు డ్రమ్ములోకి వెళ్లిపోతుంది కాబట్టి రిమ్ము చిన్నదైనా బ్రేకు కట్టలు అందకపోవడమనే సమస్యే రాదు. పైగా టైరు పైన మిగిలే ఆ జాగా వెడల్పాటి మడ్‌గార్డుకు పనికొస్తుంది. టైరు 37 నుంచి 42 మి.మీ. వెడల్పులో, పంక్చర్లను ఆపే పొర ఉన్నది తీసుకోవాలి. కాటర్ పిన్నులతో ఇరుసుకు బిగించి ఉండే పాత పెడలు కడ్డీలను తీసేసి, మూసి ఉన్న కార్ట్రిడ్జి బేరింగు వేయించడం కూడా ఈ దశలోనే చేయాలి. అందుకు ముందు ఆ గొట్టపు మరలు ఏ కొలతవో షాపులో చూపించి నిర్ధారించుకోవాలి.

పళ్ల లెక్క

40 మి.మీ. టైరు ఉన్న 622 చక్రం ఒక చుట్టుకు దాదాపు 2.2 మీటర్లు వెళ్తుంది. ముందు 38 పళ్లు, వెనుక 19 పళ్లు పెడితే నిష్పత్తి 2. అప్పుడు అయిదో గేరులో పెడలు ఒక చుట్టు తిరిగితే బండి 4.4 మీటర్లు, మొదటి గేరులో 2.3 మీటర్లు, ఎనిమిదో గేరులో 7.1 మీటర్లు పోతుంది. నిమిషానికి 75 చుట్లు తొక్కేవారికి అయిదో గేరు గంటకు 20 కిలోమీటర్లు, ఎనిమిదో గేరు 32 కిలోమీటర్లు ఇస్తుంది. కొండ ఎక్కేటప్పుడు నిమిషానికి 60 చుట్లకు తగ్గినా మొదటి గేరులో గంటకు 8 కిలోమీటర్లకు పైనే ఉంటారు. సంచిలో లాప్‌టాప్ పెట్టుకుని జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ఎత్తు ఎక్కడానికి ఇది సరైన లెక్క.

ఇంకా తేలిక గేరు కావాలని వెనుక పళ్లను పెంచుతూ పోకూడదు. ముందు పళ్లను వెనుక పళ్లతో భాగించగా వచ్చే సంఖ్య తగ్గేకొద్దీ హబ్బు లోపలి పళ్ల మీద పడే మెలిక బలం పెరుగుతుంది. ఎనిమిది గేర్ల హబ్బుకు ఈ నిష్పత్తి 2 దగ్గర గానీ కొంచెం పైన గానీ ఉండాలని తయారీదారు సూచన. బరువైన మనిషి నిలబడి తొక్కే అలవాటు ఉంటే ఈ హద్దు దాటకపోవడం మరీ ముఖ్యం.

చక్రం అల్లకం

వెనుక హబ్బు అంచు పెద్దది కాబట్టి పుల్లలు పొట్టివి. పొడవు కొలవకుండా షాపులో ఉన్నవి వేయమంటే చక్రం కుదరదు. రిమ్ములో నిపిల్ (పుల్ల చివరను రిమ్ముకు బిగించే చిన్న నట్టు) కూర్చునే చోట వ్యాసాన్ని కొలిచి సగం చేయాలి. హబ్బు అంచులో రంధ్రాల వృత్తపు వ్యాసాన్ని సగం చేయాలి. హబ్బు నడిమి నుంచి ఆ అంచుకు దూరం కొలవాలి. ఈ మూడింటి వర్గాలను కలిపి, మొదటి రెంటి లబ్ధానికి రెట్టింపును కోణపు కొసైన్‌తో గుణించి అందులోంచి తీసేసి, మిగిలినదానికి వర్గమూలం తీసి, హబ్బు అంచు రంధ్రపు సగం వెడల్పు తగ్గిస్తే పుల్ల పొడవు వస్తుంది. 36 పుల్లల చక్రంలో ఒక్కో పుల్ల రెండు పుల్లలను దాటేలా అల్లితే కోణం 40 డిగ్రీలు, మూడింటిని దాటితే 60 డిగ్రీలు. ఉదాహరణకు ఆ మూడు కొలతలు 300, 46, 28 మి.మీ., రంధ్రపు వెడల్పు 2.6 మి.మీ. అయితే రెండు దాట్ల అల్లకానికి సుమారు 266.6 మి.మీ. వస్తుంది. పెద్ద అంచుకు రెండు దాట్లే సరి. మూడు దాటితే పుల్లలు రిమ్ములోకి మరీ ఏటవాలుగా దిగి నిపిల్ దగ్గర వంగుతాయి. పుల్లలు తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ ఉక్కువే కొనాలి. తీరప్రాంతం వారికి ఇందులో రాజీ అసలే వద్దు.

అల్లేటప్పుడు నిపిల్ మరలకు ఒక చుక్క నూనె రాసి, అన్ని పుల్లలనూ మొదట ఒకే మేర బిగించి, ఆ తర్వాత అర చుట్టు చొప్పున పెంచుతూ రావాలి. స్టాండు లేకపోతే ఫ్రేమునే తలకిందులు చేసి, రిమ్ముకు రెండువైపులా ప్లాస్టిక్ పట్టీ ముక్కలు కట్టి వంకర చూసుకోవచ్చు. ముందు ఎత్తుపల్లాలు, ఆ తర్వాత పక్క వంకరలు తీయాలి. మధ్యమధ్య ఎదురెదురు పుల్లల జంటలను గుప్పిట్లో పట్టి గట్టిగా నొక్కితే మెలికపడ్డ పుల్లలు చిటపటమని సర్దుకుంటాయి. ఇది చేయని చక్రమే నెల తిరక్కుండా వంకర పోతుంది. డీరైలర్ చక్రంలో కుడివైపు పుల్లలు బాగా బిగుతుగా, ఎడమవైపువి వదులుగా ఉంటాయి. హబ్బు గేర్ల చక్రంలో రెండువైపులా బిగువు దాదాపు సమానం. గుంతల రోడ్ల మీద ఈ చక్రం ఎక్కువకాలం నిలవడానికి అదొక కారణం.

వెనుక చక్రం బిగింపు, గేరు సర్దుబాటు

తొందరపడకూడని దశ ఇదే. హబ్బు కుడివైపు పళ్లచక్రాన్ని మూడు నాలుకల గాళ్లలో కూర్చోబెట్టి స్ప్రింగు రింగు ఎక్కించాలి. పళ్లచక్రం కొంచెం డొప్పలా వంగి ఉంటుంది కాబట్టి దాన్ని తిప్పి వేస్తే గొలుసు వరుస కొన్ని మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరుగుతుంది. ముందు పళ్లచక్రం ఫ్రేము నడిమి గీత నుంచి ఎంత దూరంలో ఉందో, వెనుకది కూడా అంతే దూరంలో ఉండేలా ఏ వైపు సరిపోతే ఆ వైపు వేయాలి. తర్వాత కేసెట్ జాయింటును దాని మీద, ఎర్ర గుర్తులు ఒకదానికొకటి ఎదురుగా వచ్చేలా అమర్చి, పై రింగును సవ్యదిశలో 45 డిగ్రీలు తిప్పి బిగించాలి.

ఇరుసు తిరగకుండా ఆపే వాషర్లకు కుడి, ఎడమ అని వేర్వేరుగా ఉంటాయి. గాడి ఏ కోణంలో ఉందో దాన్ని బట్టి వాటి మీది నంబరు, రంగు మారుతాయి. వాటి నాలుక ఫ్రేము గాడిలోకి పూర్తిగా దిగాలి. హబ్బు లోపల బలం మారినప్పుడల్లా ఇరుసు తిరగాలని చూస్తుంది. ఆ తిప్పుడును తట్టుకునేవి ఈ చిన్న వాషర్లే. తప్పు వాషరు వేస్తే గేర్లు వాటంతట అవే జారుతాయి, చివరికి ఫ్రేము గాడి అరిగిపోతుంది. వీటి బదులు మామూలు బిళ్ల వాషర్లు వేసి చూద్దాం అనే మెకానిక్కు మాట వినవద్దు.

గొలుసును వెడల్పాటి 3.2 మి.మీ. రకం తీసుకోవచ్చు. చక్రాన్ని వెనక్కి లాగి, పెడలును ఒక పూర్తి చుట్టు తిప్పుతూ గొలుసు అన్నిటికంటే బిగుతుగా ఉండే చోటు వెతికి, అక్కడ గొలుసు నడిమిన ఒక సెంటీమీటరు మేర పైకీ కిందికీ ఆడేలా ఉంచాలి. మరీ బిగిస్తే బేరింగుల మీద భారం పడుతుంది, వదులైతే గుంతలో గొలుసు ఊడుతుంది. ఇరుసు నట్లకు 15 నంబరు పానా కావాలి. బిగింపు 30 నుంచి 45 న్యూటన్ మీటర్లు. బిగింపు బలాన్ని కొలిచే టార్కు పానా లేనివారు పొడుగాటి పానా చివర పట్టుకుని బలంగా ఒక గుంజు గుంజి, వంద కిలోమీటర్లు తొక్కాక మరోసారి చూసుకోవాలి.

కేబులు బయటి తొడుగు షిఫ్టరు నుంచి హబ్బు దాకా ఒకే ముక్కగా, మధ్యలో ఎక్కడా తెరుచుకోకుండా ఉండాలి. అప్పుడు నీరు చేరదు. సర్దుబాటు చాలా తేలిక. షిఫ్టరును నాలుగో గేరులో పెట్టి, కేసెట్ జాయింటు మీద కనబడే రెండు పసుపు గీతలు ఒకే వరుసలోకి వచ్చేదాకా కేబులు మొదట్లో ఉన్న మరను తిప్పాలి. తర్వాత ఒకటో గేరుకు వెళ్లి మళ్లీ నాలుగుకు వచ్చి గీతలను తిరిగి చూడాలి. కొత్త కేబులు మొదటి కొన్ని వారాలు సాగుతుంది కాబట్టి ఇది మళ్లీ చేయవలసి వస్తుంది. గేరు జారుతోందని, కటకట చప్పుడు చేస్తోందని వచ్చే ఫిర్యాదులు చాలావరకు ఈ గీతల దగ్గరే తీరిపోతాయి, హబ్బు విప్పే పని ఉండదు. మూడు గేర్ల నెక్సస్‌కు ఇదే పనిని రెండో గేరులో పెట్టి చేయాలి.

బ్రేకులు

రిమ్ము తడిస్తే రబ్బరు కట్టలు పట్టు తప్పుతాయి; ఇసుకతో కలిసి అవి రిమ్మునే తినేస్తాయి. అందుకే ముందు చక్రానికి డ్రమ్ము బ్రేకు, వెనుక రోలర్ బ్రేకు పెట్టడం ఈ బండికి తగిన ఏర్పాటు. స్టర్మీ ఆర్చర్ ముందు డ్రమ్ములు 70, 90 మి.మీ. కొలతల్లో వస్తాయి. కొండ దిగే పని ఉన్నవారు 90 తీసుకోవాలి. వీటికి ఫోర్కు మీద ప్రత్యేకమైన ఆధారం అక్కర్లేదు కానీ బ్రేకు నుంచి వచ్చే ఒక చేతిని ఫోర్కు ఎడమ కాలికి గట్టి పట్టీతో బిగించాలి. బ్రేకు బలమంతా ఆ కాలు మీదే పడుతుంది. పాత ఫోర్కు తుప్పు పట్టి ఉన్నా, సన్నగా ఉన్నా మార్చేయాలి. ఇక్కడ పొదుపు పనికిరాదు.

ఒక తేడా మరిచిపోకూడదు. రోలర్ బ్రేకుకు లోపల దానికోసమే తయారైన గ్రీజు ఉండాలి, అది ఎండిపోతే బ్రేకు కీచుమంటుంది, పట్టు తప్పుతుంది. డ్రమ్ము బ్రేకులో మాత్రం ఒక్క చుక్క నూనె పడినా బ్రేకు పోయినట్టే. కొత్త డ్రమ్ము మొదట్లో మందకొడిగా అనిపిస్తుంది. కట్టలు ఒరుసుకుని కుదురుకునేదాకా కొన్ని రోజులు నెమ్మదిగా తొక్కాలి.

దీపాలు

స్టర్మీ ఆర్చర్ ముందు డ్రమ్ములోనే డైనమో కూడా ఉన్న హబ్బులున్నాయి. వర్షపు సాయంత్రం మబ్బులతో తొందరగా చీకటి పడే రోజుల్లో ఛార్జింగు గుర్తుంచుకునే పని లేకుండా దీపం వెలగడం ఎంత సుఖమో అలవాటైనవారికే తెలుసు. టైరు పక్కకు ఒరిగి గరగరమనే పాత డైనమోలాగా ఇది తడిలో జారదు, తొక్కే కాలికి భారం కూడా పెద్దగా తెలియదు. ఇవి 6 వోల్టులు, 3 వాట్ల లెక్కన తయారవుతాయి. దీపాన్ని ఆ లెక్కకు తయారైనదే, ఆగినప్పుడు కూడా కొన్ని నిమిషాలు వెలిగే నిల్వ ఉన్నదే కొనాలి. వెనుక ఎర్ర దీపానికి తీగను ముందు దీపం నుంచి తీసుకోవాలి. తీగ అతుకులకు వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, తీగ మడ్‌గార్డు లోపలి అంచు వెంట పోయేలా చూడాలి.

మడ్‌గార్డు, గొలుసు కవరు

డబ్బు సరిపోక ఏదో ఒకటి వాయిదా వేయవలసి వస్తే గేర్లను వాయిదా వేయండి, మడ్‌గార్డును కాదు. టైరుకంటే కనీసం 8 నుంచి 10 మి.మీ. ఎక్కువ వెడల్పున్నది, టైరుకూ దానికీ మధ్య వేలు దూరేంత జాగా ఉండేలా వేయాలి. ఆ జాగా లేకపోతే తడి మట్టి అక్కడే పేరుకుని చక్రాన్ని పట్టేస్తుంది. ముందు మడ్‌గార్డు చివర రబ్బరు రెక్క నేలకు బెత్తెడు ఎత్తుదాకా రావాలి. మన కాళ్లు, చెప్పులు, గొలుసు, పెడలు బేరింగు ఇన్నిటినీ ఆ రెక్క ఒక్కటే కాపాడుతుంది. పాత టైరు ట్యూబు ముక్కతో దాన్ని ఇంట్లోనే కోసుకోవచ్చు.

గొలుసు కవరు పూర్తిగా మూసి ఉండే పాతకాలపు రకమే మంచిది. అరకవరు ప్యాంటును కాపాడుతుంది కానీ గొలుసును కాపాడదు. కవరుకు కింద ఒక చిన్న రంధ్రం ఉండాలి, లోపలికి చేరిన నీరు పోవాలి. అదే కారణంతో ఫ్రేములో పెడలు గొట్టం అడుగున కూడా రంధ్రం ఉందో లేదో చూసి, లేకపోతే వేయించాలి. సీటు గొట్టం గుండా దిగిన నీరు అక్కడ నిలిచి లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. బండి బిగించే ముందే గొట్టాల లోపల అవిసె నూనె పోసి, అన్నివైపులా తిప్పి, మిగిలింది వంచేసి, కొన్నాళ్లు ఆరనిస్తే లోపల ఒక పొర కడుతుంది. ప్రతి మరకూ, సీటు కడ్డీకీ గ్రీజు రాసే బిగించాలి.

నీటి గుంతలు, పంక్చర్లు, సంవత్సరపు పని

గేరు హబ్బు వాన నీటిని తట్టుకుంటుంది గానీ మునకను తట్టుకోదు. తొక్కి వేడెక్కిన హబ్బు చల్లటి నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని అంచుల గుండా నీటిని లోపలికి పీలుస్తుంది. రోడ్డు మీద నీరు ఇరుసు ఎత్తుకు వచ్చిందనిపిస్తే దిగి, వెనుక చక్రాన్ని పైకెత్తి నడిపించుకోవడమే మార్గం. బైకులు కడిగే పైపు ధారను హబ్బు వైపు పెట్టనివ్వకూడదు. బకెట్టు నీరు, తడిగుడ్డ చాలు.

పంక్చర్ అయితే వెనుక చక్రం ఊడదీయాలేమోనన్న భయం అక్కర్లేదు. మన రోడ్డుపక్క పంక్చర్ షాపుల్లో చక్రం తీయకుండానే, టైరును ఒకవైపు ఒలిచి ట్యూబును బయటికి లాగి ముక్క వేయడం ఏనాటినుంచో ఉన్న అలవాటే. హబ్బు గేర్ల బండికి అదే సరైన పద్ధతి. టైరే మార్చవలసి వస్తే ముందు షిఫ్టరును ఒకటో గేరులో పెట్టి కేబులును వదులు చేసి, కేసెట్ జాయింటు నుంచి ఊడదీసి, బ్రేకు చేతి మరను తీసి, ఆ తర్వాతే ఇరుసు నట్లు విప్పాలి. వాషర్లు ఏ వైపువి ఆ వైపు ఎలా ఉన్నాయో ఫోనుతో ఒక ఫోటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తికమక ఉండదు.

తొక్కేటప్పుడు ఒక అలవాటు చేసుకోవాలి. గేరు మార్చే క్షణంలో పెడలు మీద బలం తగ్గించాలి. కొండ మధ్యలో నిలబడి తొక్కుతూ షిఫ్టరు తిప్పితే గేరు పడదు, లేదా పెద్ద చప్పుడుతో పడుతుంది. అలా మళ్లీ మళ్లీ జరిగితే లోపలి నాలుకలు అరుగుతాయి. ఎత్తు మొదలవకముందే గేరు దించుకోవడం ఉత్తమం.

నెలకోసారి గొలుసు బిగువు, కేబులు గీతలు చూసుకోవాలి. గొలుసుకు నూనె వేసి, పైన మిగిలింది గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. షిమానో హబ్బు లోపలి భాగాన్ని రెండేళ్లకోసారి, ఎక్కువ తొక్కేవారు 5000 కిలోమీటర్లకోసారి బయటికి తీసి కొత్త నూనె, గ్రీజు పట్టించాలని కంపెనీ సూచన. మన వానల్లో రోజూ తిరిగే బండికి దీన్ని వానాకాలం ముగిశాక, అక్టోబరులో ఏటా ఒకసారి చేయించడం మంచిదని నేననుకుంటాను. ఎడమవైపు కోను (బేరింగును నొక్కి ఉంచే నట్టు), దాన్ని కదలకుండా పట్టే లాక్ నట్టు విప్పితే యంత్రమంతా ఒకే ముద్దగా కుడివైపునుంచి బయటికి వస్తుంది. దాన్ని అంతకంటే విడగొట్టకుండా పాత జిడ్డు తుడిచి, కంపెనీ చెప్పిన నూనెలో ముంచి, కారనిచ్చి, రెండువైపుల బేరింగులకు కొత్త గ్రీజు పెట్టి తిరిగి దించాలి. కోను బిగించేటప్పుడు చక్రం పక్కకు ఆడకూడదు, అలాగని పట్టేయకూడదు. సంచిలో ఎప్పుడూ 15 నంబరు పానా, ఒక ట్యూబు, ఒక షిఫ్టరు కేబులు ఉంచుకోవాలి. ఈ మూడింటిలో దారిలో ఏ షాపులోనూ దొరకనిది కేబులే.